మంచు తిన్న పేరు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటా ఒక నెలపాటు పగలే కనపడదు.

భయపడకండి పిల్లలూ, చీకటి కాదు. మంచు. తెల్లగా, చిక్కగా, చెట్ల నడుమ కదలకుండా కూర్చునే మంచు. ఆ నెలంతా ఎవరి తోక వాళ్లకే కనపడదు. పక్కన నిలబడింది లేడో రాయో తెలియదు. మాట వినపడితేనే అక్కడ ఎవరో ఉన్నట్టు. వినపడకపోతే లేనట్టే.

ఆ అడవిలో అన్నిటికంటే ఎత్తయిన చెట్టు ఒక నల్లమద్ది. దాని చిటారు కొమ్మ ఒక్కటే మంచు పైకి తేలి ఉండేది. ఆ కొమ్మ మీద రవణమ్మ అనే గోరువంక కాపురం. మంచు నెలలో ఎండ చూసేది ఆమె ఒక్కతే. అందుకని పొద్దున్నే అడవికి కబుర్లు చెప్పే పని కూడా ఆమెకే అప్పగించారు. "తెల్లారిందర్రా!" అని అరిచేది. కింద మంచులోంచి "ఓయ్!" అని బదులొచ్చేది. ఒకరి తర్వాత ఒకరు పలికేవాళ్లు. అందరికన్నా చివర, దగ్గుతూ పలికేది ముళ్లవ్వ అనే ముసలి ఏదుపంది. ఆ దగ్గు వినపడిందంటే అందరూ క్షేమంగా ఉన్నట్టు లెక్క.

ఆ "ఓయ్" అంటే రవణమ్మకు ప్రాణం. ఎంత గట్టిగా వస్తే అంత పొంగిపోయేది. మంచి పక్షే, కానీ ఈ ఒక్క పిచ్చి ఉంది.

రవణమ్మకు తమ్ముడి వరసయ్యే స్నేహితుడు ఒకడున్నాడు. వాడు అలుగు. ఒళ్లంతా పెంకులు, పొడవాటి తోక, భయమేస్తే బంతిలా చుట్టుకుపోయే స్వభావం. పుట్టలు తవ్వి తనకు కావలసినన్ని చెదలు తిని, మిగిలినవి రవణమ్మకు వదిలేసేవాడు. వాడికి ఒక పేరుండేది. ఆ పేరు మాత్రం నేను మీకు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో మీకే తెలుస్తుంది.

మంచు నెల చివరికి ఆ అడవిలోని కుంటలన్నీ ఎండిపోతాయి. నీళ్లు కావాలంటే ఊబి దాటి ఏటికి పోవాలి. ఆ ఊబి మాయదారిది. ఏటా చోటు మారుతుంది. నిరుడు గట్టిగా ఉన్న నేల ఈ ఏడు మింగేస్తుంది. ఇన్నేళ్లూ ఒక ముసలి దుప్పి ముందు నడిచి అందరినీ దాటించేది. ఆ వానాకాలంలో అది కన్నుమూసింది. ఇప్పుడు ముందు ఎవరు నడవాలి?

అడవి ఒక పద్ధతి పెట్టుకుంది. నడిపిస్తామన్న వాళ్లందరి పేర్లూ రవణమ్మ వారం రోజులు పొద్దున్నే పిలవాలి. ఎనిమిదో రోజు ఒక్కొక్కరూ మద్ది మొదట్లోకి వచ్చి తమ మనసులో ఉన్న పేరు చెప్పాలి. ఎక్కువమంది చెప్పిన ముగ్గురు పలకబండ ఎక్కి అందరి ముందూ మాట్లాడాలి. ఆ బండ మీద ముగ్గురికే చోటు. వాళ్ల మాటలు విని అడవి ఒకరిని ఎంచుకుంటుంది. బండ ఎక్కనివాడు పోటీలో లేనట్టే.

తొమ్మిదిమంది ముందుకొచ్చారు. తొమ్మిదోవాడు అలుగు.

మొదటిరోజు రవణమ్మ తొమ్మిది పేర్లూ పిలిచింది. "నెమలి పింఛయ్యా!" అంది. మంచు దద్దరిల్లేలా "ఓయ్!" అన్నారు. "కొండముచ్చు గంతులప్పా!" అంది. "ఓయ్!" అన్నారు. "అడవిదున్న బండన్నా!" అంది. "ఓయ్!" అన్నారు. ఆఖరికి అలుగు పేరు పిలిచింది. కిందనుంచి ఏమీ రాలేదు.

రాదు మరి. అలుగును మెచ్చేవాళ్లు ఉడుములు, తాబేళ్లు, వానపాములు. అందరూ నేలలో ఉండేవాళ్లు. వింటారు, తల ఊపుతారు, అరవరు.

రవణమ్మకు ఆ నిశ్శబ్దం గిట్టలేదు. రెండోరోజు ఆ పేరు వదిలేసింది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకుంది.

ఆ మధ్యాహ్నం చెట్టు కింద "దడ్" మని చప్పుడైంది. తోకతో నేలను కొట్టడం అలుగు అలవాటు.

"అక్కా, ఇవాళ నా పేరు వినపడలేదేం?"

"నీ పేరుకు ఎవరూ పలకలేదు తమ్ముడూ. పలికే పేర్లు పిలిస్తేనే కదా అడవికి హుషారు!"

"హుషారు సంగతి సరే, ఊబి సంగతి ఎవరైనా చెబుతున్నారా? నేను చెప్పేవి మూడే ముక్కలక్కా. నేలను కొట్టు. విను. దడ్ మంటే అడుగెయ్, చప్ మంటే ఆగిపో. కొట్టు, విను, అడుగెయ్. అంతే."

"ఓస్, ఇంతేనా? దీనికి ఎవరు చప్పట్లు కొడతార్రా!" అని రవణమ్మ నవ్వింది.

మూడోరోజూ పిలవలేదు. నాలుగోరోజు అలుగు మళ్లీ వచ్చాడు. ఈసారి తోక చప్పుడు మెత్తగా ఉంది.

"అక్కా, నాకేదో అవుతోంది. పక్క బొరియలో ఉండే ముళ్లవ్వ, నేను పలకరిస్తే 'ఎవరు నాయనా నువ్వు?' అంది. మంచు నెలలో పిలవని పేరును మంచు తినేస్తుందని మా అమ్మ చెప్పేది. నన్ను భయపెట్టడానికి చెప్పిందనుకున్నాను."

"ముసలిదానికి చెవుడు వచ్చి ఉంటుంది. నువ్వు కూడా కాస్త గొంతు పెంచి మాట్లాడాలిరా. ఆ పింఛయ్యను చూడు, ఎంత బాగా కూస్తాడో! రేపు పిలుస్తాలే, పో."

మరుసటి పొద్దున పిలుద్దామనే నోరు తెరిచింది. అంతలోనే కిందనుంచి "పింఛయ్య పేరు చెప్పు! పింఛయ్య పేరు చెప్పు!" అని కేకలు. రవణమ్మ ఆ పేరును మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ అడవి ఊగిపోయింది. ఆ ఆనందంలో మిగతాది మరిచిపోయింది.

ఏడోరోజు మూడోసారి చప్పుడైంది. అది చప్పుడు కూడా కాదు. నేల ఊపిరి పీల్చినట్టుంది. రవణమ్మ కొమ్మా కొమ్మా దిగి, అట్టడుగు కొమ్మ మీద వాలి, మెడ సాచి చూసింది. మంచు కాస్త పక్కకు తొలిగింది. తడి మట్టి మీద గోళ్ల గుర్తులు రెండు పడ్డాయి. ఆ పక్కన ఇంకో రెండు పడ్డాయి. వాటి పైన ఎవరూ లేరు.

"అక్కా," అంది ఆ ఖాళీ. "నా పేరు ఒక్కసారి అను. గట్టిగా వద్దు. నాకు వినపడితే చాలు."

రవణమ్మ నోరు తెరిచింది. పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమెకు చాలా భయమేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆ రెంటినీ కప్పిపుచ్చుకోవడానికి విసుక్కుంది.

"బండ మీద ముగ్గురికే చోటురా. ఇప్పుడు పిలిచి ఏం లాభం?" అంది. రెక్కలు కొట్టుకుంటూ పైకి ఎండలోకి వెళ్లిపోయింది. తర్వాత ఎన్నోసార్లు అనుకుంది, ఆ ఒక్క క్షణం అక్కడే నిలబడి గుర్తు తెచ్చుకుని ఉంటే ఎంత బాగుండేదో అని.

ఎనిమిదోరోజు అందరూ మద్ది మొదట్లోకి వచ్చారు. మంచులోంచి ఒక్కో గొంతు లేచింది. "పింఛయ్య." "గంతులప్ప." "పింఛయ్య." "బండన్న." "పింఛయ్య." ఉడుములు, తాబేళ్లు కూడా వచ్చారు. నోరు తెరిచి, కాసేపు తడుముకుని, ఆ పొద్దున విన్న పేరే చెప్పి వెళ్లారు.

ఆఖరికి ముళ్లవ్వ దగ్గుతూ వచ్చింది.

"నా మనసులో వేరే ఒకడున్నాడమ్మా. మంచివాడు. నేల సంగతి తెలిసినవాడు. పక్కనే ఉండేవాడు. అయ్యో, పేరు నోట్లోనే ఉంది, రావడం లేదు. నీకు తెలుసా రవణమ్మా?"

రవణమ్మ ముక్కుతో రెక్కలు దువ్వుకుంది.

"పోనీలే," అంది ముళ్లవ్వ. "పింఛయ్యే అనుకో."

అలా ముగ్గురు తేలారు. కింది కొమ్మల్లో ఉండే గోరువంకలతో రవణమ్మ గొప్పగా చెప్పుకుంది. "చూశారా? వారమంతా నేను ఎవరిని పిలిచానో అడవి కూడా వాళ్లనే కోరింది. అడవి మనసు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు!"

ముగ్గురూ పలకబండ ఎక్కారు. "నా మెడ తళుకు చూసుకుంటూ నా వెనకే రండి!" అన్నాడు పింఛయ్య. ఆ మంచులో మెడ ఎలా కనపడుతుందని ఎవరూ అడగలేదు. "గంతులు వేస్తూ పోదాం!" అన్నాడు గంతులప్ప. "తొక్కుకుంటూ పోదాం!" అన్నాడు బండన్న. ఊబి అన్న మాట ముగ్గురిలో ఒక్కరి నోటా రాలేదు. బండ కింద ఎక్కడో మెత్తగా "దడ్... దడ్..." మంటోంది. కేకల్లో అది ఎవరికీ వినపడలేదు. రవణమ్మకు వినపడింది. విననట్టు ఊరుకుంది.

పింఛయ్య గెలిచాడు.

మరుసటి రోజు అడవి బయలుదేరింది. రవణమ్మ మంచు పైన ఎగురుతూ, దారి పొడుగునా "పింఛయ్యా!" అని పిలుస్తోంది. కిందనుంచి "ఓయ్!" అంటున్నారు. మళ్లీ పిలిచింది. "ఓయ్!" అన్నారు, కానీ ఒక గొంతు తక్కువైంది. కేక లేదు, ఏడుపు లేదు. "చప్" మని ఒక్క చప్పుడు, అంతే. మళ్లీ పిలిచింది. ఇంకో గొంతు తక్కువైంది. ఆఖరి దగ్గు కోసం చెవి ఒగ్గింది. ఎంతసేపు చూసినా దగ్గు రాలేదు.

"ముళ్లవ్వా!" అని అరిచింది. మంచు కదలలేదు.

అప్పుడు పింఛయ్య మంచులోంచి రివ్వున లేచి ఆ పల్లంలో మంచు పైకి తేలిన ఒక ఎండుచెట్టు మీద వాలాడు. కాళ్ల నిండా బురద.

"నువ్వు పైకొచ్చేశావేం? వాళ్లను నడిపించు!" అంది రవణమ్మ.

"నాకు దారి తెలుసని నేను ఎప్పుడన్నా చెప్పానా?" అన్నాడు పింఛయ్య. "నా పేరు పిలిచింది నువ్వే కదా!"

రవణమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పట్టుకోను కొమ్మ లేని మంచులోకి దిగింది. లోపల తన రెక్కలు తనకే కనపడలేదు.

"తమ్ముడూ! ఎక్కడున్నావురా? అలుగు తమ్ముడూ!"

చాలాసేపటికి చెవి పక్కనే, చల్లగా ఒక గొంతు పలికింది. "ఏ అలుగు?"

"నువ్వేరా! నువ్వే!"

"నేనా? నా పేరేమిటి?"

రవణమ్మ వెతుక్కుంది. చెదల రుచి గుర్తుంది. పెంకుల చప్పుడు గుర్తుంది. 'అక్కా' అన్న పిలుపు గుర్తుంది. పేరు ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఉంది.

"నాకు గుర్తు లేదు నాయనా," అని భోరుమంది.

"నాకూ లేదక్కా," అంది ఆ గొంతు, కోపం లేకుండా. అంతటితో ఆగిపోయింది.

పేరు పోయింది కానీ మాట మిగిలింది. రవణమ్మ గొంతు చించుకుని అరిచింది. "ఆగండర్రా! ఎక్కడివాళ్లక్కడ ఆగండి! కాలితో నేలను కొట్టండి. వినండి. దడ్ మంటేనే అడుగెయ్యండి. కొట్టు, విను, అడుగెయ్!"

అందరూ నిలబడిపోయారు. అప్పుడు, ఎవరూ ఇంకా కాలు కదపకముందే, వాళ్లందరికంటే ముందునుంచి "దడ్" మని వినపడింది. కాస్త దూరంలో మళ్లీ "దడ్". ఇంకాస్త దూరంలో మళ్లీ. ఎవరో నేలను కొట్టుకుంటూ, ఆగి ఆగి, వీళ్లు వచ్చేదాకా నిలబడి, మళ్లీ ముందుకు పోతున్నారు. వీళ్లూ కొట్టారు, విన్నారు, అడుగేశారు. ఆ చప్పుడు వెంటే నడిచారు.

ఏటి ఒడ్డుకు చేరేసరికి మంచు విడింది. లెక్క చూసుకుంటే ఏడుగురు లేరు. వాళ్లలో ముళ్లవ్వ ఒకతె. వెనక్కి తిరిగి చూస్తే, ఊబి నుంచి ఒడ్డు దాకా మట్టిలో గోళ్ల గుర్తులు, నడుమ తోక ఈడ్చిన గీత. ఆ గీత నీటి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ ఎవరూ లేరు.

"మనల్ని దాటించింది ఎవరు?" అన్నాడు బండన్న.

అంతలో పింఛయ్య ఎగిరొచ్చి, బురద కాళ్లు ఇసుకలో దాచుకుని నిలబడ్డాడు. అందరి నోళ్లలో ఉన్నది ఆ పేరొక్కటే. "పింఛయ్యా!" అని అరిచారు. "ఓయ్!" అని వాళ్లే పలికారు.

"కాదర్రా! మనల్ని దాటించింది..." అంటూ రవణమ్మ ముందుకు దూకింది. "అలుగు" అంటే, "ఏ అలుగు? పేరు చెప్పు!" అన్నారు. ఆ పేరు నోటికి రాక, తనకు వచ్చిన పేర్లన్నీ ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి గోరువంక ఒక్క కూత కూసి ఊరుకోదు. మీ గోడ మీద వాలినప్పుడు వినండి. ఒక కూత కూస్తుంది, కాదనుకుంటుంది. ఇంకోటి కూస్తుంది, అదీ కాదనుకుంటుంది. ఈల వేస్తుంది, గురగురమంటుంది, కిచకిచమంటుంది. తనకు వచ్చిన ప్రతి పేరూ పిలిచి చూస్తోంది. ప్రతి పిలుపు తర్వాతా కాసేపు ఆగి, తల వంచి నేల వైపు చెవి పెడుతుంది, ఎక్కడన్నా "దడ్" మంటుందేమో అని.

నీతి: ఎవరి పేరు వినపడాలో ఒక్క గొంతుకే వదిలేస్తే, మనం ఎవరిని ఎంచుకోవాలో కూడా ఆ గొంతే నిర్ణయించేస్తుంది, అందుకే పిలిచిన పేర్లు విన్నాక, పిలవని పేరు ఎవరిదో అడిగి తీరాలి.