దొన గట్టున అన్నం

దస్తగిరికి మనుషులంటే గిట్టకుండా పోయింది.

అదేం విచిత్రమో గానీ, మనుషుల మీద ప్రేమ పెరగాలనే అతను కొండెక్కి వచ్చాడు. ప్రొద్దుటూరులో మగ్గం నేసేవాడు. భార్య పోయాక మగ్గం ముందు కూర్చుంటే చేతులు కదిలేవి కావు. ఎవరో చెబితే ఈ కొండ మీది దర్గాకు వచ్చి, జమాల్ తాత కాళ్ల దగ్గర కూర్చుని, "నన్ను ఉంచుకో తాతా" అన్నాడు. తాత ఉంచుకున్నాడు. ఏ మంత్రమూ చెప్పలేదు, ఏ నియమమూ పెట్టలేదు. పొద్దున్నే చీపురు చేతికిచ్చి, "దొన చుట్టూ ఊడ్చు" అన్నాడు.

దొన అంటే కొండబండలో నీళ్లు ఊరే గుంట. ఎంత ఎండాకాలమైనా దానిలో నీళ్లు అడుగంటవు. పైన నిలబడి చూస్తే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. అందులోంచి పొంగిన నీళ్లు బండల సందుల్లోంచి సన్నగా జారి కొండ దిగిపోతాయి. పొద్దు పొడవక ముందే నెమళ్లు వచ్చి తాగి పోతాయి. ఆ తర్వాత కొండముచ్చులు. వాటిని చూస్తూ ఊడుస్తుంటే దస్తగిరికి చాన్నాళ్ల తర్వాత మనసు కుదుటపడింది.

అయితే గురువారం వచ్చిందంటే చాలు, మొక్కులు తీర్చుకునేవాళ్లు పిల్లాజెల్లాతో ఎక్కి వస్తారు. చింతచెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుంటారు. తిన్న పళ్లేలు తిన్నచోటే. కవర్లు గాలికి. గిన్నెలు తెచ్చి దొనలో ముంచి తోముకుంటారు. వాళ్లు దిగిపోయాక చూస్తే నీళ్ల మీద నూనె తెట్టు రంగులు తిరుగుతుంటుంది.

మొదట్లో దస్తగిరి మెల్లగానే చెప్పాడు. వినేవాళ్లు విన్నారు. విననివాళ్లు నవ్వారు. తర్వాత గొంతు పెంచాడు.

ఒక పొద్దున దొన పక్కన నెమలిపిల్ల ఒకటి చచ్చిపడి కనిపించింది. ముక్కులోంచి కవరు పీలిక వేలాడుతోంది. పట్టుకుని లాగితే లోపలి నుంచి ఇంకా వస్తూనే ఉంది. దాన్ని పూడ్చిపెట్టి వచ్చిన రోజు దస్తగిరి అన్నం ముట్టలేదు.

మర్నాడు తుమ్మకంప కొట్టుకొచ్చి దొన చుట్టూ కంచె వేశాడు. నెమళ్లు దూరేందుకు సందు వదిలాడు. మనుషులకు వదల్లేదు. పొడుగాటి కర్ర ఒకటి సంపాదించి, ప్రతి గురువారం కంచె దగ్గర బండ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. తాగేందుకు నీళ్లు అడిగితే తానే ముంచి దోసిట్లో పోస్తాడు. మొహం మాత్రం చూడడు.

ఒక సాయంత్రం తాత పక్కన కూర్చుని ఉండబట్టలేక అడిగాడు.

"తాతా, ఈ మనుషులు లేకుంటే ఈ కొండ ఎంత బాగుంటుందో కదా?"

తాత తెల్లటి గడ్డం నిమురుకుంటూ కింద లోయలోకి చూశాడు. అక్కడక్కడా ఊళ్లలో పొయ్యిల పొగ లేస్తోంది.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను."

"సరే" అన్నాడు తాత. తన ప్రశ్న తాత చెవికెక్కలేదేమో అనుకున్నాడు దస్తగిరి.

చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులు. ఆ గురువారం పెద్దగా జనం లేరు. పొద్దెక్కాక ఒకే ఒక్క కుటుంబం వచ్చింది. ఒక నడివయసు మనిషి, కుంటుకుంటూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కుతున్నాడు. ఆయన భార్య నెత్తిన మూట, చంకలో గిన్నెలు పెట్టుకుని వెనకే నడుస్తోంది. ఆమె భుజం పట్టుకుని ముసలి అత్త. వాళ్లు వచ్చి సమాధికి దండం పెట్టుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు. తాత నెమలీకల కట్ట తల మీద తాకిస్తే దీవెన అందుకున్నారు. తర్వాత చింతచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశారు.

ఆమె పేరు ఓబుళమ్మ. ఆయన లింగమయ్య. అప్పటికి దస్తగిరికి ఆ పేర్లు తెలియవు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. అతని చూపంతా వాళ్లు మూటలోంచి తీసిన పళ్లేల కట్ట మీదే ఉంది. వెండిలా మెరిసే కాగితం పళ్లేలు. నీళ్లలో నానవు, మట్టిలో కుళ్లవు. 'ఇవి ఏ గాలికి ఎగిరి ఏ గొంతులో పడతాయో' అనుకుంటూ కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

అంతలో ఎవరో కుర్రవాళ్లు దారి తెలియక వెనకవైపు నుంచి వస్తుంటే, వాళ్లను సమాధివైపు పంపి రావడానికి లేచాడు. తిరిగి వచ్చేసరికి ఓబుళమ్మ ఉడికిన అన్నం గిన్నె గుడ్డతో పట్టుకుని, నెమళ్ల కోసం వదిలిన సందులోంచి ఒదిగి లోపలికి వచ్చి కూర్చుంది. మూత వాలుగా పెట్టి బండ మీద గంజి వారుస్తోంది. తెల్లటి గంజి బండ మీదుగా పాయలా పారి దొన అంచు దాకా వచ్చేసింది. నీళ్లలో ఒక మూల పాలు కలిసినట్టు తెల్లబడుతోంది.

దస్తగిరికి కళ్ల ముందు ఇంకేమీ కనబడలేదు.

"ఏయ్!" అని అరుస్తూ ఒక్క ఉరుకున వెళ్లి కర్రతో గిన్నెను తోశాడు.

గిన్నె ఆమె చేతుల్లోంచి జారి, గంజి చిందిస్తూ దొర్లింది. బండ మీద ఒకసారి, మట్టిలో ఒకసారి పొర్లి, మూత ఒకవైపు, గిన్నె ఒకవైపు ఆగాయి. పొగలు కక్కుతున్న అన్నం కంచె మొదట్లో దుమ్ములో కుప్పగా పడింది.

ఓబుళమ్మ చేతులు అలాగే గాలిలో ఉన్నాయి, ఇంకా గిన్నె పట్టుకున్నట్టే.

"బుద్ధి లేదా మీకు?" అన్నాడు దస్తగిరి. "తాగే నీళ్లు ఇవి! మీలాంటోళ్ల వల్లే..."

"ఏం మనిషివయ్యా నువ్వు!" లింగమయ్య అవతలి నుంచి కుంటుతూ వచ్చాడు. "అన్నాన్ని కర్రతో కొడతారా యాడన్నా?"

ఓబుళమ్మ మాత్రం అరవలేదు. అన్నం వైపే చూస్తూ, చాలా నెమ్మదిగా అంది.

"ఒక్క మాట చెప్పుంటే యాడికన్నా పోయి వార్చుకుందును కదా సామీ."

ఇన్నాళ్లుగా వచ్చినవాళ్లందరికీ దస్తగిరి చెప్పిన మాటలు చాలా ఉన్నాయి. ఈమెకు చెప్పిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

ముసలావిడ చెట్టు కిందే కూర్చుని తలకొట్టుకుంటోంది. "మొక్కు అన్నం నాయనా అది. నా కొడుకు బాయి తవ్వుతా మట్టి పెళ్లల కింద పడినాడు. బతకడని అందరూ వదిలేసినారు. బతికితే ఈ కొండ మీద పదిమందికి మా చేన్లో పండిన అన్నం పెడతామని మొక్కుకున్యాము. ఇన్నేళ్లూ కుంట నిండలేదు, వరి పెట్టలేదు. ఈ ఏడే మొదటి పంట."

అప్పుడు జమాల్ తాత తన గది లోంచి బయటికి వచ్చాడు. వయసు మీదపడి నడుము వంగిన మనిషి. మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చి, అన్నం పడినచోట గొంతుక్కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. పై అన్నం దోసిళ్లతో ఎత్తి గిన్నెలో వేశాడు. మట్టి అంటిన అన్నం తువ్వాల్లోకి తీయడం మొదలుపెట్టాడు. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వెనక్కి తీసి, మళ్లీ పెట్టాడు.

ఓబుళమ్మ కంగారుగా దగ్గరికొచ్చింది. "వద్దు తాతా, వద్దు. మట్టిలో పడిపోయింది."

"మట్టిలోనే కదమ్మా పండింది" అన్నాడు తాత.

ఆమె తనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది.

"మీ మడి యాడమ్మా?" అడిగాడు తాత, తలెత్తకుండానే.

"ఈ కొండ కిందే తాతా. తూర్పు దిక్కు కుంట కింద. ఈ దొన నీళ్లు జారి జారి ఆ కుంటలోకే వస్తాయి. అవి తప్ప మాకు వేరే నీళ్లు లేవు."

తాత తలూపాడు. ఏరుతూనే, "దస్తగిరీ, కడవ నిండా నీళ్లు తీసుకురా" అన్నాడు.

దస్తగిరి కర్ర కింద పెట్టి, కడవ తీసుకుని దొనలోకి దిగాడు. నీళ్లు ముంచుతుంటే మొహం కనిపించింది. చూడలేక కడవతో నీళ్లు కదిలించాడు.

తాత తువ్వాలును నాలుగు కొసలూ కలిపి పట్టుకున్నాడు. దస్తగిరి దాని మీద నీళ్లు పోస్తున్నాడు. మట్టి నీళ్లు గుడ్డ లోంచి కారి నేలలో ఇంకుతున్నాయి. కొంతసేపటికి తేటగా కారసాగాయి. తాత తువ్వాలు విప్పి, గుప్పెడు మెతుకులు తీసి దస్తగిరి అరచేతిలో పెట్టాడు. తడిగా, చల్లగా, కొత్త బియ్యం వాసనతో ఉన్నాయి.

"నువ్వు కాపలా కాసిన నీళ్లే నాయనా ఇవి" అన్నాడు.

దస్తగిరి అరచెయ్యి ముడవలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయాడు.

తాత అప్పటికే లేచి చింతచెట్టు వైపు నడుస్తున్నాడు. "పప్పు ఉడికిందా అమ్మా? ఆకలవుతా ఉంది" అంటున్నాడు.

పప్పు ఉడికింది. గోంగూర వేసిన పప్పు. ముసలావిడ కళ్లు తుడుచుకుని గరిటె అందుకుంది. ఇందాక దారి తప్పి వచ్చిన కుర్రవాళ్లను కూడా తాత కేకేసి పిలిచాడు. అందరూ వరసగా కూర్చున్నారు. ఓబుళమ్మ మెరుపు కాగితం పళ్లేలు పరిచింది. కడిగిన అన్నమంతా తాత తన పళ్లెంలోకే పెట్టించుకున్నాడు. పై అన్నం మిగతావాళ్లకు.

దస్తగిరి దూరంగా నిలబడ్డాడు. ఓబుళమ్మ ఒకసారి అతనివైపు చూసి, చూపు తిప్పుకుని వడ్డిస్తూ పోయింది.

"వానికీ పెట్టమ్మా" అంది ముసలావిడ. "గంజి పడి కాలు కాలింది వానికి. చూసుకోనే లేదు పిచ్చోడు."

అప్పుడు చూసుకున్నాడు దస్తగిరి. పిక్క మీద చెయ్యంత మేర ఎర్రగా కమిలి, పొక్కులు లేస్తోంది. అంతవరకూ తెలియని మంట ఒక్కసారిగా భగ్గుమంది. వచ్చి వరస చివర కూర్చున్నాడు.

ఓబుళమ్మ అతని ముందు పళ్లెం పెట్టి, అన్నం వడ్డించబోయింది.

"నాకు ఆ కడిగిన అన్నం పెట్టమ్మా" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఆమె తాతవైపు చూసింది. తాత తన పళ్లెం ముందుకు జరిపాడు. సగం తీసి అతనికి పెట్టింది.

"బిస్మిల్లా" అని తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంత కడిగినా ఇసుక పూర్తిగా పోలేదు. తాత దవడ కింద అది కరకరమనడం పక్కవాళ్లకు వినిపించింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఏ పెళ్లిభోజనమో చేస్తున్నట్టు మెల్లగా నమిలి తింటున్నాడు.

దస్తగిరి కూడా తిన్నాడు. ప్రతి ముద్దకూ పళ్ల కింద ఇసుక పడుతోంది. కళ్లలోంచి నీళ్లు జారి పప్పులో కలుస్తున్నాయి. తుడుచుకోలేదు. భార్య పోయాక, ఒకరు వడ్డిస్తుంటే వాళ్ల చేతుల్ని చూస్తూ తిన్నది అదే మొదలు. ఓబుళమ్మ చేతులకు కోతప్పుడు తెగిన గాట్లు ఇంకా మానలేదు.

"ఇంకొంచెం పెట్టనా సామీ?" అందామె, అతని ముందు ఆగి.

"పెట్టు తల్లీ."

భోజనాలయ్యాయి. తాత చెట్టు మొదట్లో తువ్వాలు తలకింద పెట్టుకుని అప్పుడే కునుకు తీస్తున్నాడు. లింగమయ్య, ఇంకా కోపం పూర్తిగా పోని మొహంతో, కాలు చాపుకుని చుట్ట వెలిగించుకున్నాడు. దస్తగిరి లేచి అందరి పళ్లేలూ తానే తీసి ఒకదానిలో ఒకటి పెట్టాడు. ఆ కుర్రవాళ్లలో ఒకడు తన పళ్లెం విసరబోయినవాడల్లా, అతను చెయ్యి చాపడం చూసి అందించాడు.

ఓబుళమ్మ ఖాళీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని దిక్కులు చూసింది. దొన వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"గిన్నెలు యాడ తోముకోవాల సామీ?" భయం భయంగా అడిగింది.

"ఇట్లా ఇవ్వమ్మా" అన్నాడు దస్తగిరి.

"మీరెందుకు సామీ? చెప్పండి, నేను పోతా."

"నువ్వూ రా. చోటు చూపిస్తా. నీళ్లు నేను పోస్తా."

అన్నం గిన్నె తాను పట్టుకుని, రెండో చేత్తో కడవ ఎత్తుకుని ముందు నడిచాడు. కాలిన కాలుతో కుంటుతున్నాడు. దొన దాటి, బండ దాటి, వాలు అవతలి పక్కకు తీసుకెళ్లాడు. అక్కడ బండ అయిపోయి నేల మొదలవుతుంది. ఆ పక్క నుంచి నీళ్లు దొనలోకి రావు. ఆమె కూర్చుని పిడికెడు మట్టి తీసుకుంది.

దస్తగిరి గిన్నె ఆమె ముందు పెట్టి, కడవ వంచబోయి ఆగాడు.

గిన్నె అడుగున నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. వంగి, వాటిని గోటితో మెల్లగా గీకి తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాతే నీళ్లు పోశాడు.