మూడు మెలికల మారెన్నతో పోటీ

నల్లమల అంచున ఓబులేసు మంద మేసే ఏటవాలు మీద గొర్రెలకు ఒకటే కాలక్షేపం. కడుపు నిండి నెమరు మొదలైందంటే చాలు, పొట్టేళ్ళను పోల్చడానికి కూర్చునేవి. ఎవరి కొమ్ము గట్టిది, ఎవరి దెబ్బకు ఎవరు కూలారు, అప్పటివాడు ఇప్పుడుంటే ఏమయ్యేది, ఇదే గోల. ఎంత గోల చేసినా చివరికి గెలిచేవాడు మాత్రం ఒక్కడే. వాడు ఎప్పుడో చచ్చిపోయిన మూడు మెలికల మారెన్న. మారెన్నను కళ్ళారా చూసింది ఆ మందలో ముసలి బోడవ్వ ఒక్కతే. చూడనివాళ్ళే ఎక్కువ చెప్పేవాళ్ళు.

"మారెన్న ఢీకొడితే బండ పగిలేదంట," అనేది ఒక గొర్రె.

"బండేంది, కొండే కదిలేదంట," అనేది ఇంకొకటి.

"మరి మన సింగడో?"

"సింగడూ మంచోడే. మారెన్న కాలంలో పుట్టుంటే ఆయన వెనకాల మేసుండేవాడు."

ఈ మాట సింగడి చెవిన పడేది. మందలో ఇప్పటి మొనగాడు సింగడే. చుట్టుపక్కల మందల్లో వాడు మట్టి కరిపించని పొట్టేలు లేదు. బతికున్నవాళ్ళంటే వాడికి భయం లేదు. మారెన్న పేరు వినబడితే మాత్రం గుండె జారిపోయేది. బతికున్నవాణ్ణి ఒకసారి ఓడిస్తే తల వంచుకుని పోతాడు. చచ్చిన మారెన్నేమో నోటి నుంచి నోటికి పెరిగిపోతున్నాడు. అలాంటివాణ్ణి ఎక్కడ వెతికి ఎక్కడ ఓడించాలి?

ఒకరోజు ఉండబట్టలేక బోడవ్వనే అడిగాడు. "అవ్వా, నువ్వు చూసినావు గదా. ఆయనా నేనూ ఎదురుబొదురు నిలబడితే ఎవరు గెలుస్తారు?"

బోడవ్వ నెమరు ఆపలేదు. "చచ్చినోడి కండ్లు చారెడంట నాయనా. ఆయన ఎట్లా గెలిచినాడో అందరూ చెప్తారు. ఎట్లా పోయినాడో ఒక్కరూ అడగరు."

"ఎట్లా పోయినాడు?"

"మంచు పట్టిన పొద్దున ఒంటరిగా యాడికో పోయినాడు. మళ్ళా రాలేదు. అంతకుమించి నాకూ తెలీదు."

సింగడికి అది జవాబులా అనిపించలేదు. వాడికి కావలసింది గెలుపోటముల సంగతి. కానీ పొద చాటున చెవులు రిక్కించిన నక్కకు మాత్రం కావలసింది దొరికింది.

కొన్నాళ్ళకు మంచు దిగింది. ముందున్న గొర్రె తోక వెనకున్న గొర్రెకు కనబడనంత మంచు. ఓబులేసు బండ కింద నెగడు వేసుకుని కూర్చున్నాడు. కుక్కలు రెండూ అతని కాళ్ళ దగ్గరే ముడుచుకున్నాయి. మంద అంచున సింగడు ఒక్కడే నిలబడి ఉండగా, తెల్లటి మంచులో నుంచి మెల్లగా పిలుపు వచ్చింది.

"అల్లుడా... సింగన్నా..."

సింగడు కొమ్ములు దించాడు. "ఎవరది?"

"నేనే, నక్కను. దగ్గరికి రానులే, ఆ కుక్కలంటే నాకు పాణం మీదికి వస్తుంది. ఒక్క మాట చెప్పి పోదామని. మీవాళ్ళు నిన్నంత లోకువ చేస్తుంటే నా కడుపు తరుక్కుపోతుంది అల్లుడా."

"నీ కడుపు సంగతి నాకు తెలుసుగానీ, పో."

"పోతా. కానీ మారెన్నను కొలిచే దారి ఒకటుంది. చెప్పమంటే చెప్తా, వద్దంటే లేదు."

సింగడి కాళ్ళు కదల్లేదు. నక్క వినయం ఎలాంటిదో వాడికి తెలియక కాదు. తెలిసీ చెవి అటే పెట్టాడు.

"ఆ దిగువన తపసి చెట్టుంది చూడు," అంది నక్క. "మారెన్న ఆ చెట్టునే ఢీకొట్టేవాడు. గాటు ఇంకా అట్లే ఉండాది. నువ్వూ అదే చెట్టును కొట్టు. ఎవరి గాటు లోతైతే వాళ్ళే మొనగాళ్ళు. చెట్టు అబద్ధమాడదు గదా! మా నాయన దగ్గరుండి చూసినాడు, మారెన్న ఎట్లా నిలబడేవాడో అంతా నాకు చెప్పినాడు. నలుగురిలో ఓడిపోతే నామోషీ. ఎవరూ చూడకుండా ఒకసారి కొట్టి చూసుకో."

ఆ చివరి మాట సింగడికి సూటిగా తగిలింది. చప్పుడు కాకుండా నక్క వెనకే దిగాడు.

దిగువన మంచు కాస్త పలచగా ఉంది. తపసి చెట్టు అందులో పాలిపోయి, బట్టలు విప్పిన మనిషిలా నిలబడి ఉంది. బోదె మీద నిజంగానే బెత్తెడు లోతు గాటు. సింగడు దానిలో మూతి పెట్టి చూశాడు. ఇంత లోతా!

పొట్టేలు ఢీకొట్టే ముందు వెనక్కి నడుస్తుంది. ఎంత వెనక్కి పోతే దెబ్బ అంత గట్టిది. అలా నడిచేటప్పుడు వెనక ఏముందో చూడకూడదు, కళ్ళు గురి మీదే ఉండాలి. చూపు తిప్పిన పొట్టేలును పిరికిదంటారు. పాలు మరవకముందే ప్రతి పొట్టేలూ నేర్చుకునే పద్ధతి ఇది.

సింగడు వెనక్కి నడిచి, ఉరికి, కొట్టాడు. కళ్ళ ముందు చుక్కలు కనబడ్డాయి.

నక్క బెరడును వాసన చూసి పెదవి విరిచింది. "గోరంత గీత పడింది. మారెన్న ఇంకా వెనకనుంచి వచ్చేవాడంట."

సింగడు ఇంకా వెనకనుంచి వచ్చి కొట్టాడు. తల దిమ్మెక్కింది.

"పరవాలేదు. కానీ మారెన్న... ఆయన వాగు అంచుదాకా పోయేవాడంట అల్లుడా. నీకు భయమైతే వద్దులే."

"నాకా భయం?" అన్నాడు సింగడు.

చెట్టు మీదే చూపు నిలిపి వెనక్కి నడవసాగాడు. నెగడు వెలుగు ఎప్పుడో కనబడకుండా పోయింది. మంద చప్పుడు ఆగిపోయింది. ఇక్కడ అరిస్తే ఓబులేసుకు గానీ కుక్కలకు గానీ వినబడదు. కాళ్ళ కింద గడ్డి పోయి గులకరాళ్ళు తగిలాయి. ఇందాకటి నుంచి కూస్తున్న కంజు పిట్టలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. వెనక ఏదో ఉన్నట్టు వీపు మీద ఉన్ని లేచి నిలబడింది. తిరిగి చూద్దామా? చూస్తే పిరికివాడు. నక్క ఊరంతా చాటుతుంది. ఇంకో అడుగు వేశాడు.

వెనకకాలి గిట్టకు గట్టిగా ఏదో తగిలింది.

రాయి కాదు. సింగడు పద్ధతి మరిచిపోయి కిందికి చూశాడు. మట్టిలో సగం కూరుకుపోయిన కొమ్ము. దాని మీద ఒక మెలిక, రెండు మెలికలు, మూడు మెలికలు.

నక్క ఆ ఒక్క మాటా అబద్ధం చెప్పలేదు. దాని నాయన నిజంగానే దగ్గరుండి చూశాడు. మారెన్న కూడా తనకన్నా పాత మొనగాడెవడితోనో పోటీకి దిగి, ఇలాగే వెనక్కి వెనక్కి నడిచి, ఇక్కడే ఆగిపోయాడు.

వాగులో నుంచి కుళ్ళు మాంసం వాసన తేలి వచ్చింది. ఆ వాసన తోడేలుది.

"ఇంకొక్క అడుగు అల్లుడా!" అంది నక్క, గాటు కిందే చెట్టుకు ఆనుకుని కూర్చుని. "ఒక్కటే!"

సింగడు ఉరికాడు. పేరు కోసం కాదు, మారెన్న కోసం కాదు, ప్రాణం కోసం ఉరికాడు. వెనక గులకరాళ్ళు ఎగిరిపడిన చప్పుడు, ఆ తర్వాత మెడ మీద వేడి ఊపిరి. ఈసారి వాడు గాటు వైపు చూడనే లేదు. తల ఇంకా కిందికి దించి నక్క మీదికే పోయాడు. నక్క ఎముకలు విరిగిన చప్పుడు విన్నాడు, ఆగలేదు. "అవ్వా! అవ్వా!" అని చంటిపిల్లలా అరుస్తూ, నెగడు కనబడేదాకా ఎగువకు పరుగెత్తాడు. కుక్కలు మొరుగుతూ లేచాయి.

పరుగులో ఉండగానే వాడికి వెనక మంచులో నుంచి రెండు గొంతులు వినబడ్డాయి, నక్కదీ తోడేలుదీ.

"మామా, రేపు ఇంకా బలిసినోణ్ణి తెస్తా."

"రేపటిదాకా ఎవరుంటారు? ఆకలి ఇప్పుడైతుంది."

ఆ తర్వాత నక్క గొంతు ఎవరికీ వినబడలేదు.

సింగడు మందలోకి వచ్చి పడ్డాడు. బోడవ్వ వాడి మెడకు మెడ ఆనించి అంతా విన్నది. కొమ్ము మాట రాగానే కళ్ళు మూసుకుంది.

"ఆ గాటు మాత్రం భలే లోతుగా ఉండాది అవ్వా," అన్నాడు సింగడు.

"అది మారెన్నది కాదురా పిచ్చోడా. తపసి బంక తీసేవాళ్ళు గొడ్డలితో పెట్టిన గాటు. ఇంతసేపూ నువ్వు పోటీ పడింది గొడ్డలితో."

మంచు విడిచింది. ఎండ వచ్చింది. గొర్రెలు కడుపు నింపుకుని నెమరుకు కూర్చున్నాయి. కూర్చున్నాక నోరు ఊరుకుంటుందా?

"ఇంతకీ మారెన్నా, సింగడూ నిలబడుంటే ఎవరు గెలిచేవాళ్ళంటావు?" అంది ఒక గొర్రె.

అన్నీ సింగడి వైపు తిరిగాయి. వాడు తల ఎత్తలేదు.

"మారెన్నే," అన్నాడు. "ఎన్నిసార్లు అడిగినా మారెన్నే. బతికుంటే బలుసాకు తినొచ్చు." అంటూనే పక్కనున్న బలుసు పొద మీద మూతి పెట్టాడు.

చచ్చినవాడితో పోటీకి పోయేవాడు గెలుచుకునేది వాడి పక్కన చోటే.