కొల్లేటికి హద్దు గీసిన కొర్రమేను

ఒకప్పుడు కొర్రమేను గుడ్లు నీళ్ళ మీద తేలేవి కావు. కొల్లేటి గట్టు పక్కన, మోకాలి లోతు నీళ్ళలో, గడ్డి మొదళ్ళకి అంటుకుని ఉండేవి. చేపకి మోకాలెక్కడిదని అడక్కండి, నాకూ తెలీదు.

ఆ రోజుల్లో కొర్రయ్య అనే కొర్రమేనుకి, కొల్లేటికి తానే మునసబునని గట్టి నమ్మకం. మీసం లేదు. అయినా ఉన్నట్టే తిప్పేవాడు.

తొలకరికి పెళ్ళాం కొర్రమ్మ గడ్డిలో గుడ్లు పెట్టింది. వెంటనే కొర్రయ్య చుట్టూ జమ్ము పుల్లలు గుచ్చాడు.

"ఇదిగో కొల్లేరూ! ఇది మా హద్దు. నీళ్ళు ఈ పుల్లల దగ్గరే ఆగాలి. బెత్తెడు పెరిగినా, బెత్తెడు తగ్గినా ఊరుకోను!"

కొల్లేరు ఆవులించింది. "నా చేతిలో ఏముంది నాయనా? బుడమేరు తెచ్చిపోస్తే ఉబ్బుతాను. ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోతే చిక్కుతాను."

"సాకులు చెప్పకు!"

పుల్ల మీద పాకుతున్న నత్తమ్మ కిసుక్కున నవ్వింది. "పుల్లలు సొగసుగా గుచ్చావు బావా. నీళ్ళకి చూపించావా మరి?"

మర్నాటి నుంచి వాన మొహం చాటేసింది. ఉప్పుటేరు లాగేసింది. నీళ్ళు పుల్లల్ని వదిలి వెనక్కి జరిగాయి. గుడ్లు వడియాల్లా ఎండిపోయాయి. కొంగలు వచ్చి తీరిగ్గా ఏరుకు తిన్నాయి. కొర్రయ్య మాత్రం బురదలో పొర్లుతూ "హద్దు! హద్దు!" అని అరుస్తూనే ఉన్నాడు.

కొర్రమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. కొర్రయ్య మళ్ళీ పుల్లలు గుచ్చాడు. ఈసారి బుడమేరు పొంగింది. పుల్లలు కొట్టుకుపోయాయి, గుడ్ల మీద చేటెడు ఒండ్రు పడింది.

"ఈ ఏటికి ఇంకొక్క కాన్పే మిగిలిందయ్యా," అంది కొర్రమ్మ. "ఇదీ పోతే ఇంట్లో పిల్లా లేదు, పీచూ లేదు. నీళ్ళ మీద పాకిన ఆ తూటాకు తీగని చూడు. నీళ్ళు పెరిగితే లేస్తోంది, తగ్గితే దిగుతోంది. కొల్లేటితో ఒక్కసారైనా పోట్లాడిందా?"

"మునసబు ఇల్లు తేలడమా! నా పరువు?"

"పరువుని మొన్ననే కొంగలు తిన్నాయి. పక్కకి జరుగు."

కొర్రమ్మ తూటాకు మధ్య తోకతో గుండ్రంగా చోటు చేసింది. ఒక్కో గుడ్డులో ఒక్కో నూనె బొట్టు దాచింది. నూనె మునగదుగా! గుడ్లన్నీ పైకి తేలాయి.

"మరి మునసబుగారికి పనేంటి?" అంది నత్తమ్మ.

"కాపలా," అంది కొర్రమ్మ. "కొల్లేటికి కాదు, పిల్లలకి."

పొద్దున నీళ్ళు మూరెడు పెరిగాయి, గూడు మూరెడు లేచింది. సాయంత్రానికి జానెడు తగ్గాయి, గూడు జానెడు దిగింది. రెండోనాటికి ఎర్రెర్రని పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. కొర్రయ్య గూడు కిందే కదలకుండా నిలబడ్డాడు.

అప్పటినుంచే కొర్రమేను గుడ్లు నీళ్ళ మీద తేలుతున్నాయి, తండ్రి చేప కింద కాపలా కాస్తోంది. మధ్యమధ్యలో పైకొచ్చి నోరు తెరుస్తుంది. గాలి కోసమని పెద్దవాళ్ళంటారు. నత్తమ్మ మాత్రం ఒప్పుకోదు, కొర్రయ్య ఇంకా "హద్దు!" అంటున్నాడనే చెబుతుంది.