ఊతకర్రలుగా ఓడెక్కిన అగ్గిబాణాలు

అనగనగా లోహగిరికి ఒక రాజు. ఆయన కమ్మరులు చేసే అగ్గిబాణాలకు లోకంలో సాటి లేదు. అందుకే ఏ ఆయుధమూ రేవు దాటకూడదని రాజు చాటింపు వేయించాడు. అనుమతి ముద్ర మాత్రం మంత్రి శంఖపాలుడికిచ్చాడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే!

రాజుగారి చిన్నకొడుకు మణికేతుడికి ఏడు సముద్రాల అవతల పగడాలదీవి రాకుమారి కువలయతో పెళ్లి కుదిరింది. ఇంతలో కరాళుడనే మాయావి ఆ దీవిని ముట్టడించాడు. మణికేతుడు సాయంగా డాళ్లు ఓడకెత్తించాడు.

"డాలు ఆయుధమే, యువరాజా," అని మంత్రి దింపించాడు.

ఇనుప టోపీలు ఎత్తించాడు. "అవీ ఆయుధాలే."

గాయాలకు కట్టే గుడ్డలు ఎత్తించాడు. "గాయం మానితే మళ్లీ పోరాడతారు కదా. అవీ కూడదు."

ఆ పక్కనే కరాళుడి ఓడ నిండుతోంది. మంత్రికి వాడు పచ్చల హారం పంపాడు లెండి. బాణపు కాడలు ఊతకర్రలట, ములుకులు మేకులట, ఈకలు దిండ్లలోకట. అన్నిటికీ ముద్ర పడింది.

"ఇదేం న్యాయం?" అని మణికేతుడు నిలదీశాడు.

"విడివిడిగా ఉంటే బాణం కాదు, నాయనా."

మణికేతుడికి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఉత్త చేతులతోనే పడవెక్కాడు. దారిలో ఆగిన రేవుల్లో ఆకలితో ఉన్న కాకికి, కోతికి, ఉడుతకు తన అటుకులు పెట్టాడు. అవీ వెంట వచ్చాయి. ఏడు సముద్రాలు దాటి దీవి చేరేసరికి, కరాళుడి ఓడ ముందే చేరింది. కువలయ తన తమ్ముడి శవం పక్కన కూర్చుని ఉంది. అతని గుండెలో దిగింది లోహగిరి బాణం. మణికేతుడు సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"మాయావి ప్రాణం కొండగుహలో చిలుకలో ఉంది," అని కాకి చెప్పింది.

గుహ వాకిట రాక్షసుడు కాపలా. "ఆయుధం లోపలికి పోదు," అన్నాడు. కోతి వెదురుబద్ద తెచ్చింది, ఉడుత నారతాడు తెచ్చింది, కాకి వాడి పుల్ల తెచ్చింది. రాక్షసుడు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"కర్ర, తాడు, పుల్ల. పోండి."

వీడూ మా మంత్రి దగ్గరే చదివినట్టున్నాడు అనుకుంటూ మణికేతుడు ఉత్త చేతులు చూపించి లోపలికి నడిచాడు. అక్కడ విల్లు కట్టి చిలుకను కొట్టాడు. బయట కరాళుడు కుప్పకూలాడు.

పెళ్లికి లోహగిరి వచ్చిన కువలయ పీటల మీద కూర్చోలేదు. నిండుసభలో మంత్రిని అడిగింది.

"అయ్యా, మా తమ్ముడి గుండెలో దిగింది ఊతకర్రా, మేకా, దిండులో ఈకా?"

రాజుకు తల కొట్టేసినట్టయింది. "పాపం నాది, తల్లీ," అంటూ మంత్రి దగ్గరున్న ముద్ర తీసుకుని ఆమె చేతిలో పెట్టాడు. మంత్రిని పగడాలదీవికి పంపి, కూలిన ఇళ్లకు మట్టి మోయించాడు.

అప్పుడు పెళ్లి జరిగింది. వాళ్లిద్దరూ చల్లగా చాలాకాలం ఏలారు. అంతకాలమూ లోహగిరి రేవు నుంచి డాళ్లూ కట్టుగుడ్డలూ అడిగినవాళ్లందరికీ వెళ్లాయి. బాణపు కాడ ఒక్కటీ వెళ్లలేదు.