దేవుళ్ళ పెట్టె, వెనక బండి

అనగా అనగా ఒక ప్రమాదీచ సంవత్సరం. వేసవి పోతూ పోతూ ఉంది. వాన ఇంకా రాలేదు. ఎద్దులకు గడ్డి లేదు, మనుషులకు ఓపిక లేదు.

అలాంటి రోజుల్లో భీమోజీ అనే తోలుబొమ్మలాటవాడు, భార్య రంగుబాయితో, పిల్లలతో కనుమ దాటబోయాడు. ముందు బండికి కర్రి, బొల్లి అని రెండు ముసలి ఎద్దులు. దాని వెనక కొయ్యతో తగిలించిన గూడుబండి. ఆ గూడే వాళ్ళ ఇల్లు. పొయ్యి, పడక, బొమ్మల పెట్టె అన్నీ అందులోనే.

కనుమ మొదట్లో రాజుగారు తడి ఇసుక పరిపించారు. రెండు బండ్లనూ విప్పి, విడివిడిగా దాని మీద నడిపించాలి. ముందు బండి చక్రాల గాడి కంటే వెనక బండి గాడి లోతుగా పడితే దాటనివ్వరు. అది రాజాజ్ఞ.

కావలివాడు ఓబులప్ప వంగి గాడిలో వేలు పెట్టి చూశాడు. "వెనకది బరువయ్యా. దించు."

భీమోజీ తిరగలి దించాడు. మళ్ళీ నడిపారు.

"ఇంకా బరువే."

రంగుబాయి, పిల్లలు దిగారు. మళ్ళీ నడిపారు.

"ఇంకా బరువే. ఆ పెద్ద పెట్టెలో ఏముంది?"

"దేవుళ్ళు. రాముడు, హనుమంతుడు, రావణుడు. దేవుళ్ళకు బరువేమిటి మామా?"

"రావణుడు ఎప్పుడు దేవుడయ్యాడు నాయనా?"

రంగుబాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భీమోజీకి ఒళ్ళు మండింది. "నా ఎద్దులు లాగుతాయి. నాకు తెలియదా?"

"లాగుతాయి. దిగుడులో వెనక బండి తోసుకొస్తే ఆపలేవు. పెట్టె ముందు బండిలో పెట్టుకో. లేదంటే రెండుసార్లు తిరుగు."

ఆకాశం మబ్బు పట్టింది. తోలుబొమ్మలు తడిస్తే బతుకుతెరువు పోతుంది. రెండుసార్లు తిరిగే వ్యవధి లేదు. భీమోజీ సణుగుతూ పెట్టెను ముందు బండిలోకి మార్చాడు. గాడులు సమంగా పడ్డాయి. ఓబులప్ప దారి వదిలాడు.

కనుమ ఎక్కి మలుపు తిరగగానే భీమోజీ బండి ఆపాడు. పెట్టెను మళ్ళీ వెనక బండిలోకి చేర్చాడు.

"ఆయన అంతగా చెప్పాడు కదయ్యా," అంది రంగుబాయి.

"దేవుళ్ళ పెట్టెకు వీపు ఆనించి బండి తోలడం మా ఇంటా వంటా లేదు. నువ్వు పిల్లల్ని పట్టుకుని వెనక నడువు."

దిగుడు మొదలైంది. ఎద్దుల మాటలు ఎద్దులకే వినిపిస్తాయి.

"అన్నా, వెనకనుంచి తోసేస్తోంది," అంది బొల్లి.

"తెలుస్తోందిరా. నా కాళ్ళూ నిలవడం లేదు."

"పక్కన లోయ ఉందన్నా."

"కొండవైపు నేనున్నాను. నేను తిరుగుతాను, నా వెంట రా. ఎలాగూ అలిసిపోయాను."

కర్రి రాతిగోడవైపు తిరిగింది. బండ్లు రెండూ దాని మీదికి వచ్చి ఆగాయి.

భీమోజీ బతికాడు. బొల్లి బతికింది. పెట్టెలో ఒక్క బొమ్మా చిరగలేదు.

పిల్లలారా, బండికి భక్తి తెలియదు, బరువే తెలుసు. హద్దు పెట్టినచోట అన్నిటినీ తూచాలి, దేవుణ్ణి కూడా. ఆ దిగుడులో కర్రి చచ్చిపోయింది.