ముళ్ళవ్వ చూపించిన మూడు ఎముకలు

అనగనగా ఒక అడవిలో, మోదుగ చెట్ల పక్కన, ఒక కుందేళ్ళ కలుగు ఉండేదర్రా. అందులో చెవులప్ప, వాడి పెళ్ళాం దూదమ్మ కాపురం ఉండేవాళ్ళు. దూదమ్మకి నెలలు నిండుతున్నాయి. ఇంకొన్నాళ్ళలో పిల్లలు పుడతారు. ఇంట్లో సందడే సందడి!

ఒక్కటే బెంగ. అడవిదున్నల మంద తరచూ ఆ కలుగు మీదుగానే ఏటికి పోయేది. ధన్ ధన్ ధన్! ఒకరోజు పురిటి గది కప్పు కాస్తా కూలిపోయింది.

"ఏమయ్యా, పిల్లలు పుట్టాక ఇలా కూలితే వాళ్ళ గతేం కాను? వెళ్ళి ముళ్ళవ్వని అడుగు. ఏది విరుగుతుందో, ఏది నిలుస్తుందో ఆవిడకి తెలుసు" అంది దూదమ్మ.

ముళ్ళవ్వ అంటే ఒక ముసలి ముళ్ళపంది. ఎక్కడ ఎముక కనబడ్డా ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా కొరుక్కుంటూ కూర్చునేది.

"ఎముకలు కొరికే ముసలమ్మనా నేను అడిగేది? నా ఇల్లు నేను కట్టుకోలేనా?" అని చెవులప్ప మీసం దువ్వాడు.

ముందు ఒట్టి బంకమట్టితో మందంగా కప్పు వేశాడు. అది ఎండి రాయిలా అయింది. దున్నలొచ్చాయి. కప్పు ఫెళ్ళుమని పగిలి పడింది.

"గట్టిదేలే, పగిలేదాకా!" అని దూదమ్మ పకపకా నవ్వింది.

ఈసారి ఒట్టి గడ్డీ నారా అల్లి వేశాడు. పగల్లేదు. కానీ దున్నలు తొక్కేసరికి కిందికి జారి, చెవులప్పని చాపలా చుట్టేసింది. దూదమ్మ వాణ్ణి బయటికి లాగింది. ఈసారి నవ్వలేదు.

"నాకు భయమేస్తోందయ్యా" అంది.

ఆ మాటతో వాడి పొగరంతా దిగిపోయింది. ఒక్క పరుగున వెళ్ళి, "అవ్వా, తప్పయిపోయింది. నువ్వే దారి చూపించాలి" అన్నాడు.

ముళ్ళవ్వ ముళ్ళు గలగలలాడేలా నవ్వి, మూడు ఎముకలు ముందు పెట్టింది.

"వంచరా!"

మొదటిది కార్చిచ్చులో కాలిన ఎముక. పట్టుకోగానే పొడిపొడి అయింది.

"అందులో నార కాలిపోయింది. సున్నం మిగిలింది" అంది అవ్వ.

రెండోది చింతకాయలు రాలిన పుల్లటి నీళ్ళగుంటలో నెలల తరబడి నానింది. తీగలా వంగింది.

"అందులో సున్నం కరిగిపోయింది. నార మిగిలింది."

మూడోది మంచి ఎముక. చెవులప్ప కిందా మీదా పడ్డాడు. అది వంగలేదు, విరగలేదు.

"ఇందులో రెండూ ఉన్నాయిరా, వెర్రి వెంగళప్పా! నువ్వేమో ఒకసారి మట్టి, ఒకసారి గడ్డి! రెండూ కలపాలని తోచలేదా?" అని అవ్వ దాని కొస కొరికి చూపించింది. "పైన గట్టి పెంకు. లోపల చూడు, సన్నటి అడ్డకమ్మీలు, మధ్యలో ఖాళీలు. అందుకే తేలిక, అందుకే బలం."

అవ్వా, చెవులప్పా కలుగు దగ్గరికొచ్చి కలిసి పని మొదలుపెట్టారు. మట్టిలో గడ్డి తరిగి వేసి తొక్కారు. కింద పుల్లలు అడ్డంగా, ఏటవాలుగా పేర్చారు. కప్పు ఆరిన రోజే దూదమ్మకి నొప్పులు మొదలయ్యాయి. అప్పుడే దున్నలూ వచ్చాయి. ధన్ ధన్ ధన్! చెవులప్ప కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడు ఆగింది. చిటికెడు మట్టి కూడా రాల్లేదు. లోపల నాలుగు పిల్లలు కీచుకీచుమన్నాయి!

"అవ్వా, వీళ్ళ ఎముకలు కూడా అంత గట్టివేనా?"

"ఇప్పుడే ఎక్కడరా? ఇంకా లేతవి. సున్నం మెల్లిగా చేరుతుంది. అందాకా గంతులేయించకు."

"అయితే వాళ్ళ వంతు గంతులు కూడా నేనే వేస్తా!" అంటూ చెవులప్ప కప్పెక్కి సంతోషంతో గెంతడం మొదలుపెట్టాడు. కప్పు కదల్లేదు.

కింద నుంచి దూదమ్మ కేకేసింది: "ఏమయ్యా, నీకన్నా ఆ దున్నలే నయం!"

నీతి: గట్టిదనానికి వంగే గుణం తోడైతేనే అసలు బలం. తెలియనిది తెలిసినవాళ్ళని అడగడానికి సిగ్గుపడకూడదు.