గంగులుబరి వీరశిల

పూర్వం తూర్పు కనుమల పాదాన, సారంగగెడ్డ అనే వాగు ఒడ్డున, జగ్గభూపతి అనే సామంతుడు ధర్మం తప్పక ప్రజలను పాలిస్తున్న కాలంలో, ఉత్తరదిక్కు నుండి శత్రుసైన్యం దండెత్తి వచ్చి కొండకనుమను ముట్టడించింది. కనుమను కాచే భారం దళనాయకుడైన దాలినాయుడిపై పడింది. మండువేసవిలో మూడు దినాలు సాగిన ఆ ఘోరసంగ్రామంలో సైనికులకు నీరందించినవాడు గంగులు అనే కావడివాడు. ఆయుధం పట్టడం ఎరుగని ఆ పుణ్యాత్ముడు బాణవర్షం నడుమ గెడ్డకూ కొండకూ తిరుగుతూ, దాహమన్న ప్రతివాడికీ నీరు పోశాడు. దారిలో పడి మూలుగుతున్న ఒక శత్రుభటుడి నోటిలో సైతం పోశాడు. మూడవనాడు గుండెలో బాణం దిగబడినా, కావడిని నీరు ఒలకకుండా నేలకు దించి, దాని పక్కనే ప్రాణం విడిచాడు. ఆ నీరు తాగిన వీరులే పొద్దు వాలేలోగా కనుమను గెలిచారు.

విజయానంతరం భూపతి, రణంలో అసువులు బాసినవారి స్మృతికై ఊరి వెలుపలి విశాల మైదానంలో ఒక మహాశిలను ప్రతిష్ఠించి, ఆ మైదానాన్ని సాముగరిడీలకూ మల్లయుద్ధాలకూ బరిగా శాశ్వతంగా విడిచిపెట్టాలని సంకల్పించాడు. ప్రతిష్ఠనాడు శిలపై చెక్కిన పేర్లను చదివి వినిపించడం ముగియగానే, గంగులు తల్లి పోలమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

“నా కొడుకు పేరు సదవనేదేటి బావూ?” అని అడిగింది.

“అమ్మా, ఇది వీరుల శిల. కత్తి పట్టనివాడి పేరు, అందునా పగవాడికి నీళ్ళు పోసినవాడి పేరు, దీనిపై ఎలా చెక్కించను?” అన్నాడు భూపతి.

ఆ మాట వినగానే, శిలను నిలబెట్టడానికి మోకు పట్టుకుని ఉన్న దాలినాయుడు దానిని వదిలి చేతులు జోడించాడు.

“మహాప్రభూ! ఆ పగవాడు నీళ్ళు తాగి కన్నుమూశాడు. మేము తాగి గెలిచాము. గంగులు పేరు లేని రాయిని లేపడానికి మాకు చేతులు రావు.”

అని నేలపై కూర్చున్నాడు. రాజాజ్ఞను ధిక్కరించినవాడికి శిరశ్ఛేదమే శిక్ష అని ఎరిగి కూడా, సైనికులందరూ ఒక్కొక్కరే మోకులు వదిలి అతని వెనుక కూర్చున్నారు. భూపతి ముఖం కందిపోయింది. గొడుగు పట్టబోయిన సేవకుణ్ణి కసిరి ఎండలోనే నిలిచాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చినా వారు లేవలేదు, ఆయన మెత్తబడలేదు.

అప్పుడు పోలమ్మ గెడ్డకు వెళ్ళి ఒక చిన్న కడవతో నీరు తెచ్చి, కూర్చున్నవారందరి దోసిళ్ళలో పోసింది. అంతమందికి పోసినా ఆ కడవ అడుగంటలేదని పెద్దలు చెబుతారు. చివరికి ఆమె భూపతి ఎదుట నిలిచి, “పెదవులెండిపోనాయి. తాగు బావూ” అన్నది.

ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, వంగి దోసిలి పట్టి తాగాడు. తలెత్తినప్పుడు ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. “శిల్పీ! అందరికంటే పైన గంగులు పేరు చెక్కు” అని ఆజ్ఞాపించి, మొదటి మోకును తానే పట్టాడు.

నాటి నుండి ఆ మైదానం గంగులుబరి అయింది. నేడు దాని చుట్టూ మెట్లు కట్టి స్టేడియం చేశారు. కబడ్డీ పోటీలలో గెలిచిన జట్టు ఓడిన జట్టుకు నీరు పోసిన తరువాతనే బహుమతి అందుకుంటుంది. పాతశిల పక్కనే, తరువాతి యుద్ధాలలో ఒరిగిన ఈ సీమ జవాన్ల పేర్లతో మరొక శిల వెలసింది. దానిపై ఏ పేరుకు ముందూ హోదా ఉండదు. కొత్త పేరు చెక్కిన రోజున ఆ బిడ్డ తల్లి వచ్చినవారందరికీ స్వహస్తాలతో నీరు పోయడం ఆచారం. క్రిందటి మాఘంలో సరిహద్దున నేలకొరిగిన హవల్దారు తవిటినాయుడి తల్లి కడవ ఎత్తుకుని బరిలోకి నడిచినప్పుడు, మెట్లమీది జనమంతా చెప్పులు విడిచి, లేచి నిలబడి దోసిళ్ళు పట్టారు.